టీనేజీ పిల్లల్లో స్కిజోటైపల్ లక్షణాలు: నేను అసెస్‌మెంట్ చేసే తీరు

వింత నమ్మకాలు, మనుషులతో కలవలేకపోవడం, పొందిక లేని మాట, ప్రవర్తన, వీటినే స్కిజోటైపల్ లక్షణాలంటారు. వీటి అసెస్‌మెంట్ నేను ఒక్క రోజులో ముగించను. మొదటి రోజు మాటలు, ప్రశ్నావళి. రెండో రోజు ఉదయం జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు. నిద్ర చాలకపోయినా, ట్యూషన్ నుంచి నేరుగా వచ్చినా స్కోరు పడిపోతుంది. దాన్ని లక్షణాల ఖాతాలో వేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

ప్రశ్నావళి మనస్తత్వవేత్త ఏడ్రియన్ రేన్ 1991లో రూపొందించిన ఎస్‌పీక్యూ (స్కిజోటైపల్ పర్సనాలిటీ క్వశ్చనేర్). 74 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. వింత నమ్మకాలు, అనుభూతులు ఒక గుంపు. మనుషులతో కలవలేకపోవడం ఇంకొకటి. మాటలో, ప్రవర్తనలో పొందిక లేకపోవడం మూడోది. అమ్మానాన్నలను బయట కూర్చోమంటాను, పక్కనుంటే నిజం రాదు. పూర్తయ్యాక ‘అవును’ అన్న ప్రతిచోటా ఉదాహరణ అడుగుతాను. అసలు పని ఇదే. దిష్టి తగులుతుందని ఇంటిల్లిపాదీ నమ్మే చోట పిల్లాడూ నమ్మితే అది లక్షణం కాదు. టీవీలో యాంకర్ తనకే సైగ చేస్తోందని వాడొక్కడే నమ్ముతుంటే మాత్రం ఆగి వినాలి. ‘అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు’ అని హాస్టల్ పిల్లలు చాలామంది అంటారు. ‘ఎవరు? ఎంత నమ్మకం? అప్పుడేం చేశావు?’ అని అడగండి. ‘ఏమో మేడమ్, అలా అనిపించిందంతే’ అన్న పిల్లకూ, ఆ భయంతో కాలేజీ మానేసిన పిల్లకూ చాలా తేడా ఉంది.

అంకెల పరీక్షలో మనం చదివిన అంకెలను పిల్లలు గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పాలి. సెకనుకొక అంకె, ఒకే గొంతుతో చదవాలి. రెండేసి కలిపి చదివితే పిల్లలు జంటలుగా గుర్తుపెట్టుకుంటారు, స్కోరు ఊరికే పెరుగుతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ‘ఎనిమిది, తొమ్మిది’ కంటే ‘ఎయిట్, నైన్’ తేలిక. మనసులో ఏ భాషలో లెక్కపెట్టుకుంటారో ముందే అడిగి, చివరిదాకా అదే వాడతాను.

నియమం మారితే పిల్లలు ఎంత త్వరగా సర్దుకుంటారో చూసేది విస్కాన్సిన్ కార్డుల పరీక్ష. అందులో రంగు, ఆకారం, సంఖ్య, వీటిలో ఏ నియమంతో జత చేయాలో చెప్పం. ‘సరే’, ‘తప్పు’ అంటాం, అంతే. వరుసగా 10 సరైనవి పడగానే నియమం మారుతుంది. ‘తప్పు’ అంటున్నా పాత నియమాన్నే పట్టుకు వేలాడితే ఆ తప్పులను విడిగా లెక్కించాలి. ఈ లక్షణాలు ఎక్కువున్న పిల్లల సగటు కాస్త వెనకబడొచ్చు. కానీ డిప్రెషన్, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఉన్నా అలాగే జరుగుతుంది కాబట్టి ఒక్క స్కోరు చూసి ఏదీ తేల్చను.

రిపోర్టులో జబ్బు పేరు తొందరపడి రాయను. 18 ఏళ్ల లోపు పర్సనాలిటీ డిజార్డర్ (వ్యక్తిత్వ రుగ్మత) అనాలంటే లక్షణాలు కనీసం ఏడాది నిలవాలని, మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకం నియమం. గొంతులు వినిపిస్తున్నా, కొద్ది నెలల్లోనే చదువు, స్నానం, స్నేహాలు వరసగా వదిలేస్తున్నా ఆ ఏడాది ఆగక్కర్లేదు, వెంటనే సైకియాట్రిస్టుకు చూపించాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.