అమ్మ దగ్గు, దాని వెనకున్న కాపలా

ఇవాళంతా ఏ పని చేస్తున్నా ఒక్కటే ఆలోచన. అమ్మ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తున్నది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒక్కటే కాదు, దాన్ని చంపడానికి పరిగెత్తుకొచ్చే మన సొంత కణాలు కూడా. తనకు బ్రాంకియెక్టాసిస్. గాలిగొట్టాలు సాగి, వెడల్పయి అలాగే ఉండిపోయాయి. అక్కడ కఫం నిలుస్తుంది, అందులో ఆ బ్యాక్టీరియా తిష్ఠ వేసింది.

పొద్దున నెబ్యులైజర్ అయ్యాక ఎప్పటిలాగే గట్టిగా గాలి వదులుతూ కఫం తీసింది. "ఏమే, ఇవాళ రంగెలా ఉందో చూడు" అంది. డబ్బా వెలుతురులో పట్టి చూశాను. ముదురు ఆకుపచ్చ, కాస్త జిగటగా గోడకి అంటుకుని ఉంది. ఆ పచ్చదనం చాలావరకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలదే. వాటిలో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైముది ఆకుపచ్చ రంగు. అంటే రంగు ముదిరిందంటే ఆ కణాలు చాలా వచ్చి చేరాయని.

ఆ కణాలే ఎలాస్టేజ్ అనే ఇంకో ఎంజైమును వదులుతాయి. బ్యాక్టీరియాను చంపడానికి అది కావాలి. కానీ మోతాదు మించితే ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను కొరికేస్తుంది, కఫాన్ని పెంచుతుంది, దాన్ని పైకి తోసే సన్నని వెంట్రుకల్ని మందగింపజేస్తుంది. కఫం నిలిస్తే మళ్లీ బ్యాక్టీరియా, మళ్లీ న్యూట్రోఫిల్స్. పీటర్ కోల్ అనే వైద్యుడు 1986లో దీన్నే విషవలయమన్నారు.

మరి ఇన్నేళ్లుగా అమ్మ ఊపిరితిత్తులు ఈమాత్రమైనా నిలబడ్డాయంటే ఎలా? దానికి కారణమైన ప్రోటీన్ల గురించి చదివినకొద్దీ వాటి మీద నాకు ప్రేమే పుట్టుకొచ్చింది. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ కాలేయంలో తయారై రక్తంతోపాటు ఊపిరితిత్తులకు చేరుతుంది. ఎస్‌ఎల్‌పీఐ అనేది గాలిగొట్టాల లోపలి పొరలోనే పుడుతుంది. రెండూ ఎలాస్టేజ్‌ను పట్టుకుని పనిచేయకుండా ఆపుతాయి. లాక్టోఫెర్రిన్ దారి వేరు. అది ఇనుమును లాగేసుకుని బ్యాక్టీరియాకు అందకుండా చేస్తుంది, గూడు కట్టుకోనివ్వదు.

ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో 1963లోనే తెలిసింది. స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు రక్త పరీక్షలు చూస్తుంటే ఐదుగురిలో ఆల్ఫా-1 జాడే సరిగ్గా కనిపించలేదు. వాళ్లలో ముగ్గురికి ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లోని గాలిసంచులు దెబ్బతినే జబ్బు, ఉంది.

బాధేమిటంటే, ఇన్ఫెక్షన్ ఏళ్ల తరబడి సాగితే ఈ ప్రోటీన్లు ఓడిపోవడం మొదలవుతుంది. ఎలాస్టేజ్ ఎక్కువైతే ఎస్‌ఎల్‌పీఐనే ముక్కలు చేస్తుంది. సూడోమోనాస్ కూడా తన సొంత ఎంజైముతో ఆల్ఫా-1ను విరగ్గొడుతుంది. పొగతాగడమైతే దాన్ని ఆక్సీకరణంతో నీరసపరుస్తుంది. మా ఇంట్లో ఎవరూ సిగరెట్ ముట్టరు, ఆ ఒక్క టెన్షన్ లేదు.

సాయంత్రం మళ్లీ నెబ్యులైజర్ టైమ్. అమ్మకి విసుగొచ్చింది. "రోజూ ఇదేనా, ఈ పూటకి వదిలెయ్యవే" అంది. నేను వదల్లేదు. కఫంతోపాటు ఎలాస్టేజ్ కూడా బయటికి పోతుందనీ, ఎంత తీసేస్తే లోపల ఉన్న కాపలాకి అంత బరువు తగ్గుతుందనీ చెప్పాను. నా మొహం చూసి "సరే, పెట్టు" అంది. మందులూ యాంటీబయాటిక్సూ ఎంత ముఖ్యమో ఈ పది నిమిషాలూ అంతే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

రాత్రి బ్రెన్సోకాటిబ్ అనే మాత్ర గురించి చదివాను. న్యూట్రోఫిల్స్ ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్‌కు పదును రాకుండా ఆపుతుందట. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని బ్రాంకియెక్టాసిస్‌కు అనుమతించింది. బ్యాక్టీరియాను కాకుండా నష్టాన్నే ఆపాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇది అమ్మకి పనికొస్తుందా, ఇక్కడ దొరుకుతుందా, ఈసారి కఫంలో ఏ బ్యాక్టీరియా ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారిని ఈ రెండూ అడగాలి.