నేల ఉసిరి అని పీకేముందు కొమ్మ తిప్పి చూడండి

వానాకాలం మొదలై నెల దాటితే వరంగల్ చుట్టుపక్కల చెల్కల్లో, పత్తి సాళ్ల మధ్య, పెరట్లో నల్లా కింద, అన్నిచోట్లా నేల ఉసిరే. కామెర్లకు పసరంటూ పీక్కుపోయేవాళ్లూ ఎక్కువే. అయితే ఆ పేరుతో పీకేది ఒకే మొక్క కాదు. ఫిల్లాంథస్ ప్రజాతిలో నాలుగైదు జాతులు మన చేలల్లో పక్కపక్కనే పెరుగుతాయి. పాత పుస్తకాల్లో కనిపించే ‘ఫిల్లాంథస్ నిరూరి’ అసలు అమెరికా ఖండాల మొక్క. మన దగ్గర ఆ పేరు రాసినచోట ఎక్కువగా ఉండేది ఫిల్లాంథస్ అమారస్.

ముందు కొమ్మ తుంచండి. పాలు కారితే అది నానబాలు జాతి, పక్కన పెట్టేయండి. ఆకులు ఎదురెదురు జంటలుగా ఉంటే చింత మొలకో, మరొకటో అయి ఉంటుంది. నేల ఉసిరి ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి.

ఆ తర్వాత చూడాల్సింది ఆకు కాదు, నడిమి కాండం. అమారస్‌కు కాండం మీద సరైన ఆకులుండవు, చిన్న పొలుసులే ఉంటాయి. ఆకులన్నీ పక్క రెమ్మల మీదే రావడంతో ఒక్కో రెమ్మ చూడ్డానికి ఒక్క ఆకులా ఉంటుంది. కాండం మీద కూడా మామూలు ఆకులే ఉంటే అది వేరే గుంపు. ఆకు మొదట్లో సన్నగా మొదలై కొసన వెడల్పై, చివర చిన్న ముల్లులాంటి మొన ఉంటే మదెరాస్‌పటెన్సిస్. సన్నగా పొడుగ్గా ఉన్న ఆకులు, వెంట్రుకలాంటి పొడవాటి తొడిమకు వేలాడే కాయ ఉంటే విర్గేటస్. ఈ ఒక్క పరీక్షతో సగం గందరగోళం తీరిపోతుంది. అయినా ఎక్కువమంది ఆకు సైజు దగ్గరే ఆగిపోతారు. నీళ్లు దొరికినచోట అదే మొక్క ఆకు పెద్దదవుతుంది, కాబట్టి సైజును నమ్మలేం.

ఇప్పుడు రెమ్మను వెల్లకిలా తిప్పండి. కాయ నున్నగా, సుమారు 2 మి.మీ. వెడల్పుతో, పొట్టి తొడిమకు వేలాడుతుంటే అమారస్ కావచ్చు. కాయ మీద బొడిపెలుండి, తొడిమ దాదాపు లేకుండా రెమ్మకే అతుక్కుని ఉంటే యూరినేరియా. దీని కాండం ఎర్రగా ఉంటుందని చాలామంది అదే గుర్తు పెట్టుకుంటారు. ఎండ తగిలితే అమారస్ కాండమూ ఎర్రబారుతుంది, అందుకే రంగు కన్నా బొడిపెలే నమ్మకం.

అసలు కష్టం అమారస్‌కూ డెబిలిస్‌కూ మధ్య. రెంటికీ రెమ్మల తీరు ఒకటే, కాయలూ నున్ననే. 10 రెట్ల కటకం తీసి కాయ అడుగున చూడండి. పువ్వు రాలినా రక్షక పత్రాలు కాయకు అంటుకునే ఉంటాయి. అమారస్‌కు 5, డెబిలిస్‌కు 6. ఒక్క కాయతో తేల్చొద్దు, ఒకటి విరిగిపోయి ఉండొచ్చు. వేర్వేరు రెమ్మల మీద నాలుగైదు లెక్కపెట్టండి. రెమ్మ పైభాగంలో ఒకే ఆకు మొదట్లో మగపువ్వూ ఆడపువ్వూ జంటగా కనిపిస్తే అది అమారస్ వైపే. ఆకు ఆకారం కూడా కొంత చెబుతుంది. అమారస్‌ది మొండి కొస, డెబిలిస్ ఆకు రెండు చివరలా సన్నబడుతుంది.

ఈ లెక్కలన్నీ పచ్చి మొక్క మీదే, చేనులోనే చూసి రాసుకోవాలి. సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసరికి ఆకులు ముడుచుకుంటాయి. ఎండితే రెమ్మలే ఊడిపోతాయి. పొద్దుగూకాక వెళ్లినా ముడుచుకున్న ఆకులే కనిపిస్తాయి.

ఎండిన కట్టే చేతికొస్తే తెల్లకాగితం మీద దులపండి. విత్తనాలు సుమారు 1 మి.మీ. ఉంటాయి. గీతలు అడ్డంగా ఉంటే యూరినేరియా, చుక్కలు వరుసలుగా ఉంటే మదెరాస్‌పటెన్సిస్, నిలువు గీతలుంటే అమారస్ లేదా డెబిలిస్. ఆ రెండింటినీ విత్తనంతో విడదీయడం కష్టం, కాగితం మీద పడ్డ కాయల్లో రక్షక పత్రాలు ఊడనివి ఏరి లెక్కపెట్టాల్సిందే. ఒకే కట్టలో రెండు మూడు రకాల విత్తనాలు రాలితే ఆ కట్ట కలిపి పీకిందే.