ఆటోమేటిక్ పికప్ ఇంకా స్లిప్ కొడుతూనే ఉంది: నాలుగో ప్రయత్నం

మూడుసార్లు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్చి, రెండు ఆదివారాలు బండి కిందే పడుకున్న తర్వాత కూడా, నిన్న నల్లగొండలో బయలుదేరిన 38వ నిమిషంలో, నకిరేకల్ సమీపంలో, ఆర్‌పీఎం ముల్లు మళ్లీ లేచింది. వేగం 90 దగ్గర, గేరు ఆరులో స్థిరంగా ఉన్నాయి, నా కాలు యాక్సిలరేటర్ మీద కదలలేదు. ఇంజిన్ మాత్రం 1,470 నుంచి 1,780కి చేరింది. బరువు కోసం వెనుక పది ఎరువు బస్తాలు, అంటే 500 కిలోలు వేసుకున్నాను. ఆయిల్ వేడి అప్పుడు 94 డిగ్రీలు. 85 లోపు ఈ జబ్బు ఒక్కసారి కూడా కనిపించలేదు.



గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని ఒక వర్క్‌షాపు వారు చెప్పారు కాని, వారు ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి అందించే టర్బైన్ వేగం చూడనే లేదు. నాలుగో గేరు నిష్పత్తి 1.000, అంటే లోపలికి వచ్చే వేగమూ బయటికి పోయే వేగమూ ఒకటే కనుక మాన్యువల్ మోడ్‌లో దానినే పట్టి ఉంచి, 60 వేగంతో, అదే వేడిలో చూశాను: టర్బైన్ 1,690, అవుట్‌పుట్ షాఫ్ట్ 1,688. ఆరో గేరులో స్లిప్ కొడుతున్నప్పుడు కూడా టర్బైన్ 1,470 దగ్గరే నిలిచింది. కాబట్టి లోపలి క్లచ్‌లు పట్టే ఉన్నాయి, పోతున్న 310 చుట్లూ టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు ఆయిల్ ద్వారా కలిపేది) లాకప్‌లోనే, అంటే ఆ రెండింటినీ నేరుగా బిగించే క్లచ్‌లోనే, పోతున్నాయి. ఈ కొలతలకు, బండి కంప్యూటర్ అంకెలను చదివే చౌక ఈఎల్‌ఎం 327 నకలు డాంగిల్ పనికిరాదు; అది మూడు సెకన్లకొక అంకె ఇస్తుంది, ఆలోగా ముల్లు లేచి దిగిపోతుంది.

మొదటి అనుమానం ఆయిల్ మట్టం మీద. ఎక్కువైన ఆయిల్ బయటికి కారే ఓవర్‌ఫ్లో బోల్టును, ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య తీసి చూడాలని మాన్యువల్ చెబుతుంది, కాని మే నెల మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో ఇంజిన్ తిప్పకముందే ఆయిల్ 42 దగ్గర ఉంటుంది. గేర్లన్నీ ఒకసారి తిప్పేసరికి 45 దాటిపోయి, వ్యాకోచించిన ఆయిల్ ఎక్కువగా కారిపోతుంది. మొదటి రెండు మార్పుల్లో నేను చేసిన తప్పు అదే. మూడోసారి తెల్లవారుజామున అయిదున్నరకు చేస్తే మరో 300 మిల్లీలీటర్లు పట్టింది. అయినా స్లిప్ తగ్గలేదు.

తర్వాత లాకప్ సొలినాయిడ్, అంటే లాకప్‌కు వెళ్లే ఆయిల్ ప్రెషర్‌ను కరెంటుతో నియంత్రించే వాల్వు. చల్లగా 30 డిగ్రీల దగ్గర 5.1 ఓములు, 95 దగ్గర 6.4 ఓములు చూపింది. ఆ పెరుగుదల రాగి తీగకు సహజమే. పైగా స్లిప్ సమయంలో కంట్రోలర్ తాను ఇవ్వగలిగినంత కరెంటు ఇస్తూనే ఉంది. లైన్ ప్రెషర్ (పంపు ఇచ్చే ప్రధాన ఆయిల్ ఒత్తిడి) వేడిలోనూ నిలకడగా ఉన్నందున పంపును, ఫిల్టర్‌ను పక్కన పెట్టాను.

మిగిలినవి రెండు: వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను దారులకు మళ్లించే భాగం) లాకప్ రెగ్యులేటర్ వాల్వ్ బోరు, అంటే ఆ వాల్వు కదిలే రంధ్రం, అరిగి, ఆయిల్ పలచబడగానే ప్రెషర్ లీకవుతూ ఉండాలి, లేదా కన్వర్టర్ లాకప్ క్లచ్ లైనింగ్ అరిగి నున్నగా మెరుగెక్కి ఉండాలి. లైనింగ్ అయితే సాధారణంగా బండి గడగడ వణుకుతుంది, నా బండి వణకకుండా నున్నగా జారుతోంది; పాన్ (గేర్‌బాక్స్ అడుగు పళ్లెం) అయస్కాంతాల మీద బూడిదరంగు ముద్ద తప్ప పెళ్లలు లేవు. అందుకే నా మొగ్గు బోరు వైపే.

పాత రకం ఏటీఎఫ్ అయిన డెక్స్రాన్-3 పోయమని సలహా ఇచ్చినవారున్నారు. 2005లో వచ్చిన డెక్స్రాన్-6 కంటే అది చిక్కన కనుక స్లిప్ కొంత తగ్గవచ్చు, కాని అది జబ్బును కప్పిపెట్టడమే అవుతుంది. అన్ని బండ్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసిన ఆయిల్‌ను నేను అసలే నమ్మను.

వచ్చే ఆదివారం వాల్వ్ బాడీ దించి, ఆ బోరుకు వ్యాక్యూమ్ పంపు పెట్టి చూస్తాను. లీకు తేలితే ఓవర్‌సైజ్ వాల్వు వేయాలి. ఈ పనిలో గేర్‌బాక్స్ మరమ్మతు విడిభాగాలు చేసే సోనాక్స్ మీద నాకు గురి ఉంది కాని, ఒక్క బోరు కోసం రంధ్రాన్ని వెడల్పు చేసే రీమర్ కొనడానికి మనసొప్పడం లేదు, అద్దెకు ఇచ్చేవారి కోసం హైదరాబాదులో అడుగుతున్నాను. పాన్ గ్యాస్కెట్ ఆర్డరు పెట్టాను. అది వచ్చేలోగా బస్తాలను దేవరకొండలో మా చిన్నాన్నకు అప్పగించాలి. వానలు పడకముందే కావాలని ఆయన ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.