39 దగ్గర ఆగిపోయిన అమ్మ

మా అమ్మవి పాము చెవులు. వాకిట్లో గొళ్లెం కదిలితే వంటింట్లోంచే ఎవరొచ్చారో చెప్పేస్తుంది. అలాంటి మనిషిని చెవిటిదని రాయించబోయాను నేను, ఐదు వేలు అడ్వాన్సు కూడా ఇచ్చి. బోగస్ వికలాంగుల సర్టిఫికెట్ల గురించి ఎవరు మాట్లాడినా ముందు ఇదే గుర్తొస్తుంది కాబట్టి దీంతోనే మొదలుపెడుతున్నాను.

మాది మర్రిగూడ వైపు ఒక ఊరు. నల్లగొండ జిల్లా వాళ్లకు ఆ పేరు చెబితే మిగతాది చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు. అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ బోరు నీళ్లే తాగింది. నలభై దాటేసరికి నడుము కట్టెలా బిగుసుకుపోయింది. మెడ తిరగదు, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు పూర్తిగా ముడవవు, చేతులు భుజం దాటి పైకి లేవవు. జడ మా చెల్లె వేస్తుంది. 2015లో చౌటుప్పల్ దగ్గర ఇంటింటికీ తాగునీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి పైలాన్ పెట్టారు, తర్వాత మా ఊరికీ కృష్ణా నీళ్లొచ్చాయి. నీళ్లయితే మారాయి. ఎముకలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

నాన్న పోయాక అమ్మకు వితంతు పింఛను వస్తోంది, 2016 రూపాయలు. 2023 జులైలో వికలాంగుల పింఛను 3016 నుంచి 4016కు పెరిగింది. ఒక మనిషికి ఒకటే పింఛను కాబట్టి దీన్ని దానికి మార్పించుకుంటే నెలకు రెండు వేలు ఎక్కువ. అమ్మ మందుల ఖర్చు దాదాపు అంతే. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. అందులో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి.

మీసేవలో ఆ పరీక్షకు స్లాట్ కోసం రెండుసార్లు వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. ఓపెన్ చేసిన కాసేపటికే నిండిపోయేవి. మూడోసారి దొరికింది. క్యాంపు రోజు తెల్లవారుజామునే బయల్దేరి ఆసుపత్రికి చేరేసరికి వరండా నిండా జనం. మూడు చక్రాల బండ్లు, చంక కర్రలు, తల్లుల ఒళ్లో పెద్ద పిల్లలు. కుర్చీలు చాలవు. కూర్చోలేని, నిల్చోలేని మనుషులను గంటల కొద్దీ నిలబెట్టి వాళ్ల వైకల్యం ఎంతో కొలవడం ఏం పద్ధతో నాకైతే అర్థం కాలేదు.

మా ముందు ఒక కుర్రాడు కుంటుకుంటూ లోపలికి వెళ్లాడు. బయటికొచ్చాక మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్లిపోయాడు. అందరం చూశాం, కొందరు నవ్వారు. తర్వాత పిలుపు మాదే.

"వంగమ్మా" అన్నాడు డాక్టరు. అమ్మ వంగింది, తనకు వంగగలిగినంత.

"ఇంకా వంగు. యాక్టింగ్ చేయకు."

అమ్మ ఏమీ అనలేదు. కూర్చోమన్నారు, లేవమన్నారు, మోకాలు చూశారు, అయిపోయింది. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. చేతులు ఎవరూ చూడలేదు. నేను చెప్పబోతే "నెక్స్ట్" అన్నారు. బస్సులో అమ్మ అడిగింది, "యాక్టింగ్ అంటే నాటకమే గద బిడ్డా?" అవునన్నాను. మళ్లీ మాట్లాడలేదు. ఆ డాక్టరు మీద కోపం ఉంది కానీ, ఆయన అంతకుముందే చూసింది ఆ మెట్లు దిగిన కుర్రాడినే. పొద్దుటి నుంచి ఎంతమందిని అలా చూశాడో. ఆ కుర్రాడి నాటకం లెక్క మా అమ్మ పద్దులో పడింది.

నెల తర్వాత రిజల్టు వచ్చింది. 39 శాతం. అనర్హులు.

కాగితంలో నడుముకు 25, మోకాళ్లకు 20 అని ఉంది. కూడితే 45 కదా, టైపింగులో తప్పు పడిందనుకుని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నవ్వి, కాగితం వెనక లెక్క వేసి చూపించాడు. ఇవి మామూలుగా కూడరట. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాంతో చిన్న అంకెను గుణించి, 90తో భాగించి కలపాలట. 90లో 25 పోతే 65. ఇరవై అరవై ఐదులు పదమూడు వందలు, 90తో భాగిస్తే పద్నాలుగున్నర లోపు. 25కి అది కలిపితే 39 చిల్లర. "లెక్క కరెక్టే. కానీ చేతులు ఎందుకు కొలవలేదు?" అన్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని వెంటనే అప్పీలుకు వెళ్లి ఉంటే బాగుండేది.

నేను వెళ్లింది జిరాక్స్ షాపు దగ్గర నిలబడే పైరవీకారు దగ్గరికి. "పదిహేను వేలన్నా. ముందు ఐదు. పర్సంటేజీ నాకు వదిలెయ్" అన్నాడు. నెలకు రెండు వేల తేడా అంటే ఏడెనిమిది నెలల్లో డబ్బులు తిరిగొస్తాయని లెక్క వేశాను. అమ్మకు నిజంగానే ఉంది కదా, లేనిది రాయించుకోవడం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఐదు వేలు ఫోన్‌పే కొట్టాను.

వారం తర్వాత ఫోన్ చేశాడు. "ఎముకలది ఇప్పుడు కష్టమన్నా. చెవులది పెట్టిస్తా. అమ్మకు ఒక్కటి చెప్పు, ఏం వినపడ్డా వినపడనట్టే కూర్చోవాలె." స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ మంచం మీద నుంచి అంది, "నాకు చెవులు మంచిగనే వినపడుతయి గద కొడుకా. నడుము లేదంటే వినకపాయె, ఉన్న చెవులు లేవని చెప్పాల్నా?"

ఫోన్ పెట్టేశాను. ఆ ఐదు వేలు తిరిగి రాలేదు. అడగడానికి నాకు ముఖమూ లేదు, ఏమని అడుగుతాను? తర్వాత తెలిసింది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 91వ సెక్షన్ ఇలాంటి మోసానికే ఉందని. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

చెవులదే ఎందుకంటే, మామూలు వినికిడి పరీక్షలో శబ్దం వినిపించినప్పుడు మనమే చెప్పాలి. చెప్పకుండా కూర్చుంటే చెవుడే. బెరా అని ఇంకో పరీక్ష ఉంది. తలకు తీగలు అంటించి చెవిలో శబ్దం పెడితే మెదడు దాకా సంకేతం వెళ్తోందో లేదో మిషను గీసి చూపిస్తుంది, దాని ముందు నాటకం నడవదు. అది అందరికీ చేస్తే మా వాడకట్టులో ఒకాయన పింఛను ఆ రోజే ఆగిపోతుంది. ఆయనకు ట్రాక్టరుంది, రోజంతా ఫోన్లో బేరాలు మాట్లాడతాడు. గోడ ఇవతల మేము ఆయన గురించి గుసగుసలాడుకుంటే మర్నాడు వచ్చి అడుగుతాడు. ఆయన పింఛను వినికిడి లోపం కిందే. ఊళ్లో అందరికీ తెలుసు. నేను ఫిర్యాదు చేయలేదు. ఐదు వేలు ఫోన్‌పే కొట్టినవాడిని ఏ నోటితో చేస్తాను?

అప్పీలు మాత్రం పెట్టాను. అదే చట్టంలో 59వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన పర్సంటేజీతో ఒప్పుకోకపోతే మళ్లీ చూడమని అడిగే హక్కుంది. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాను. అందులో ఏడుపు ఏమీ రాయలేదు. "భుజాలు, మోచేతులు కొలవలేదు, కొలవండి" అని రెండు లైన్లు రాసి, పాత చీటీలన్నీ వెనక పిన్ను కొట్టాను. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు వెన్నుపూస, భుజాలతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించాను. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో ముంజేతి రెండెముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుందట. వయసు మీద పడి వచ్చిన నొప్పులని కొట్టిపారేయడానికి వీల్లేని గుర్తు అదేనని ఆయన చెప్పాడు.

పిలుపు రావడానికి నెలలు పట్టింది. ఈసారి బోర్డులో ముగ్గురు కూర్చున్నారు. ఒకామె ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఏ ఊరు?" అంది. చెప్పగానే తలూపింది. స్కేలు లాంటి పరికరంతో అమ్మ చేయి ఎంత పైకి లేస్తుందో కొలిచారు. అమ్మ మొదట భయపడి, నొప్పి ఓర్చుకుని ఇంకా పైకి ఎత్తబోయింది. నాటకమంటారేమోనని! "బలవంతంగా ఎత్తకమ్మా, వచ్చినంతే" అందామె. భుజాలకు 10 వేశారు. 39 చిల్లరకు అదే లెక్క కడితే ఇంకో ఐదున్నర కలిసింది. మొత్తం 45. మొదటి రోజు నేను నోటితో కూడిన అంకే, ఇంత తిరిగి అక్కడికే వచ్చాం.

ఈ సర్టిఫికెట్‌తో బస్సు పాసులో సగం రాయితీ కూడా ఉంటుందని ఎవరో చెప్పారు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎలాగూ ఫ్రీ. అమ్మ నవ్వింది.

పింఛను మార్పు అర్జీ ఎంపీడీవో ఆఫీసులో ఇచ్చాం. ఇంకా మంజూరు కాలేదు, అమ్మకు 2016 రూపాయలే వస్తున్నాయి. మొన్న పింఛను రోజు నేనే తీసుకెళ్లాను. వేలిముద్ర పడక చీర కొంగుతో మూడుసార్లు తుడిచి పెట్టింది. డబ్బులు తీసుకుని పక్కకు జరుగుతుంటే, "తర్వాత ఎవరు?" అని పోస్టాయన మెల్లగానే అడిగాడు. అమ్మ వెనక ఎవరున్నారో చూద్దామని మనిషి మొత్తం తిరిగేలోపే, ట్రాక్టరాయన వేలు చాపుకుంటూ ముందుకొచ్చాడు.