స్టూడెంట్ వీసా: ఎంత డబ్బు ఉందో కాదు, ఎప్పటి నుంచి ఉందో

అడ్మిషన్ లెటర్ చేతికి రాగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, "బ్యాంకులో ఎంత చూపించాలి?" తెలిసినవాళ్ళ దరఖాస్తులు పక్కన కూర్చుని నింపించిన అనుభవంతో చెప్తున్నా, ఇది సగం ప్రశ్నే. ఎంత అనేది ఆ దేశం అధికారిక వెబ్‌సైట్లోనే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఆ డబ్బు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్ళుగా ఆ ఖాతాలో ఉంది, ఫైళ్ళు బోల్తా కొట్టేది ఈ మూడింటి దగ్గరే.

బ్రిటన్ సంగతే చూడండి. వాళ్ళ లెక్క చాలా పక్కా. మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సింది, దానికి తోడు నెలకింత అని వాళ్ళు చెప్పిన ఖర్చు (గరిష్ఠంగా 9 నెలలకి), ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి, ఆ 28వ రోజుకీ మీరు అప్లై చేసే రోజుకీ మధ్య 31 రోజులు దాటకూడదు. సరే, 20వ రోజున ఇంట్లో ఏదో అవసరం పడి కొంత తీశారనుకోండి, రెండు రోజుల్లో మళ్ళీ వేసేశారు. మన దృష్టిలో డబ్బు అక్కడే ఉంది కదా! కానీ స్టేట్‌మెంట్‌లో ఆ రెండు రోజులూ నిల్వ ఉండాల్సినదాని కన్నా తక్కువ కనబడుతుంది, అంతే, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఖాతా కూడా మీదో, అమ్మానాన్నలదో, చట్టపరమైన గార్డియన్‌దో అయ్యుండాలి. బాబాయి ఎంత ప్రేమగా "నా ఖాతా చూపించరా" అన్నా పనికిరాదు. నాన్నగారి ఖాతా అయితే ఆయన మీ నాన్నే అని చెప్పే బర్త్ సర్టిఫికెట్, ఆ డబ్బు మీ చదువుకి వాడుకోవచ్చని ఆయన సంతకంతో ఒక లెటర్ కూడా ఉండాలి.

జర్మనీ వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, చాలామందికి అదే కష్టంగా అనిపిస్తుంది గానీ. స్కాలర్‌షిప్ లాంటివి లేనివాళ్ళు మామూలుగా బ్లాక్డ్ అకౌంట్ తెరిచి ఏడాది ఖర్చు ముందే వేసేస్తారు, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. అక్కడికి వెళ్ళాక నెలకి 992 యూరోల చొప్పున చేతికొస్తాయి. ఒకేసారి అంత సర్దడం కష్టమే, కాదనను. కానీ అడిగింది స్పష్టంగా అడిగారు, ఊహించుకోవాల్సింది ఏమీ లేదు. కెనడాలో ఒంటరిగా వెళ్ళే విద్యార్థికి క్విబెక్ బయట అయితే 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895 కెనడా డాలర్లు, ఫీజూ ప్రయాణ ఖర్చులూ కాక. అన్నట్టు, త్వరగా తేలుస్తారని అందరూ చెప్పుకునే కెనడా వాళ్ళ ఎస్‌డీఎస్ (స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్) స్కీమ్ 2024 నవంబర్ 8నే మూసేశారు, పాత వీడియోలు చూసి ఇంకా దాని గురించి అడుగుతూనే ఉన్నారు. ఏ వీడియో అయినా ముందు తేదీ చూడండి బాబూ.

ఇక స్టేట్‌మెంట్‌లో అందరికీ టెన్షన్ పెట్టే లైన్ ఒకటి ఉంటుంది. నెలల తరబడి చిన్న చిన్న మొత్తాలు వస్తూ పోతూ ఉంటాయి, అప్లికేషన్‌కి వారం ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం పడుతుంది. అది స్థలం అమ్మిన డబ్బు కావచ్చు, డిపాజిట్ మెచ్యూర్ అయ్యి ఉండొచ్చు, నిజాయితీగా వచ్చిందే కావచ్చు. కాని చదివే ఆఫీసరుకి అవేవీ తెలియవు, అప్పు తెచ్చి చూపించి మళ్ళీ ఇచ్చేసే డబ్బులాగే కనబడుతుంది. అలాంటప్పుడు అమ్మకం కాగితమో, డిపాజిట్ రసీదో జతచేసి, ఫలానా తేదీన పడిన ఫలానా మొత్తం ఇదీ అని రెండు లైన్లు రాసేస్తే సరిపోతుంది. నా లెక్కలో ఆ రెండు లైన్లకున్న విలువ ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే నాలుగు పేజీల ఎస్‌ఓపీకి కూడా లేదు.

దొంగ స్టేట్‌మెంట్లు చేసి పెడతామనే వాళ్ళు ఎక్కడైనా తగులుతారు. దగ్గరికి రానివ్వకండి. మోసం బయటపడితే బ్రిటన్ 10 ఏళ్ళ వరకు నిషేధం పెట్టొచ్చు, అమెరికాలో అయితే తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

అమెరికా దారి వేరు. ఐ-20 అని వర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ఫారం మీద ఏడాది ఖర్చు ఎంతో వాళ్ళే రాసి ఇస్తారు, 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థకి కట్టేది) ఇంటర్వ్యూకి ముందే కట్టి రసీదు దగ్గర పెట్టుకోవాలి, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపాలి. అక్కడి నుంచి అంతా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ కిటికీ ముందు ఆ కొద్ది నిమిషాలే. చాలాసార్లు మీరు మోసుకెళ్ళిన లావుపాటి ఫైలు తెరవమని కూడా అడగరు. ఈ కోర్సే ఎందుకు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, వాళ్ళేం చేస్తారు, చదువయ్యాక ఏం చేస్తావు. బట్టీపట్టిన జవాబు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. "వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ" అనేకంటే "ఈ కోర్సులో ఫలానా సబ్జెక్ట్ ఉంది, నేను చేసిన ప్రాజెక్టుకి అది కావాలి" అనడం వంద రెట్లు నయం. భాష కొంచెం తడబడినా పర్లేదు, ఫారంలో రాసింది ఒకటి నోటితో చెప్పింది ఒకటి అయితేనే కష్టం. ఏజెంటు నింపినా సంతకం మీదే కాబట్టి సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ మీరే చదవాలి. ఆస్ట్రేలియా 2024 మార్చి నుంచి నిజంగా చదువుకే వస్తున్నారా అని చూసే జెన్యూన్ స్టూడెంట్ ప్రశ్నలు పెట్టింది, ఒక్కో జవాబుకి 150 పదాలే, సోది చెప్పడానికి చోటుండదు. నాకైతే అదీ మంచిదే అనిపిస్తుంది.

రిజెక్ట్ అయితే ముందు ఆ కాగితం నిదానంగా చదవండి. అమెరికాలో ఎక్కువగా వినబడేది 214(బి) అనే చట్టం సెక్షన్. తిరిగి వెళ్ళిపోతారన్న నమ్మకం మీరు కలిగించలేకపోయారని దానర్థం. అప్పీల్ లేదు, మళ్ళీ అప్లై చేసుకోవచ్చు. కాని అదే ఫైలు, అవే జవాబులతో వారం తిరక్కుండా ఇంకో స్లాట్ పట్టుకుంటే ఫీజు దండగ. బ్రిటన్ వాళ్ళు మాత్రం ఏ కాగితం సరిపోలేదో లెటర్‌లో రాస్తారు, అది సరిచేసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

వీసా వచ్చినవాళ్ళు పాస్‌పోర్ట్ చేతికి రాగానే పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, గడువు చూసుకుని తప్పుంటే ఆ రోజే మెయిల్ పెట్టండి. ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఐ-20లో రాసిన కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో దిగనివ్వరు, టికెట్ బుక్ చేసేటప్పుడు ఐ-20 పక్కన పెట్టుకోండి.