పదకొండు మందిలో చదవకుండా కూర్చున్న రోజు

ఈరోజు మంగళవారం, అంటే పొద్దున్నే హిస్టరీ సెమినార్. చదవాల్సినవి నలభై పేజీలు, నేను చదివినవి నాలుగు. నిన్న రాత్రి ఎకనామిక్స్ ప్రాబ్లం సెట్ దగ్గరే పన్నెండున్నర అయింది, ఆరో ప్రశ్న ఒకటే మిగిలింది, మార్కెట్లో ఉన్న కూలి కంటే తక్కువకి గవర్నమెంట్ పైపరిమితి పెడితే ఏమవుతుంది అని, దానికి "కొరత వస్తుంది" అని రాసి ఒక గ్రాఫ్ గీసి పడేసి, హిస్టరీ పీడీఎఫ్ తెరిచి దిండు మీద పెట్టుకున్నా. పొద్దున లేచేసరికి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయి నా పక్కనే పడుకుని ఉంది.

పెద్ద యూనివర్సిటీలో అయితే ఇదసలు ఒక విషయమే కాదు. రెండొందల మంది పట్టే హాల్లో వెనక బెంచీ అనే సౌకర్యం ఒకటుంటుంది. మాది ఒహాయోలో చిన్న ఊళ్ళో చిన్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అందర్నీ కలిపితే పదహారు వందల మందిమి, ఈ సెమినార్‌లో పదకొండు మందిమి, పైగా టేబుల్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఫస్ట్ బెంచే. ప్రొఫెసర్ పక్క కుర్చీలో కూర్చుంటే ఆవిడ చూపు పడదని పోయిన సంవత్సరం ఒక సీనియర్ చెప్తే నమ్మా. పడుతుంది, ఇంకా దగ్గర్నుంచి పడుతుంది.

కొలరాడో కాలేజీలో చదివే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాళ్ళకి 1970 నుంచీ ఒకసారికి ఒకే కోర్సు, మూడున్నర వారాలు అదొక్కటే చదివి ముగించి తర్వాతది మొదలెడతారు. మాకు సెమిస్టర్‌కి నాలుగు, డిగ్రీ అయ్యేసరికి ముప్ఫై రెండు. ఎకనామిక్స్ పనిచేస్తే హిస్టరీ మీద దొంగతనం చేసినట్టు, హిస్టరీ చదివితే స్టాటిస్టిక్స్ మీద. వాడికి ఈ గోల లేదు అనుకుంటా గానీ, రెండ్రోజులు జ్వరం వస్తే కోర్సులో ఎంత భాగం పోతుందో వాడినే అడగాలి.

సరే సెమినార్. కోర్సు పద్నాలుగో శతాబ్దం ప్లేగు గురించి. 1348లో ప్లేగు ఇంగ్లండ్‌కి చేరింది, జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారంటారు, పొలం పనికి మనుషులు దొరకలేదు, బతికున్నవాళ్ళు కూలి పెంచమన్నారు, భూములున్నవాళ్ళకి అది మింగుడుపడలేదు. 1349లో రాజు ఒక ఆర్డినెన్స్, 1351లో పార్లమెంటు ఒక చట్టం, రెండిటి సారం ఒకటే, ప్లేగుకి ముందు ఎంత తీసుకునేవాళ్ళో ఇప్పుడూ అంతే తీసుకోవాలి, ఎక్కువ తీసుకుంటే శిక్ష. ఇదంతా నేను చదివిన ఆ నాలుగు పేజీల్లోనే ఉంది కాబట్టి మొదటి పావుగంట దర్జాగా నడిపించా, మధ్యమధ్యలో తలూపుతూ, నోట్స్ రాస్తున్నట్టు పెన్ను కదుపుతూ.

అప్పుడు ఆవిడ చట్టంలోంచి రేట్లు చదివింది. గడ్డి ఎండబెట్టే పనికి రోజుకి ఒక పెన్నీ. పచ్చిక కోసేవాళ్ళకి ఎకరానికి ఐదు పెన్నీలు. పంట కోసేవాళ్ళకి ఆగస్టు మొదటి వారం రెండు పెన్నీలు, రెండో వారం నుంచి మూడు. కాగితం కింద పెట్టి, "కూలి పెరగకూడదని చేసిన చట్టంలోనే వారం తిరిగేసరికి కూలి ఎందుకు పెరిగింది?" అని సరిగ్గా నా వైపే చూసింది.

ఇక్కడి ప్రొఫెసర్లకి మౌనం అంటే భయం లేదు, అదే వీళ్ళ అసలు ఆయుధం. ప్రశ్న వేసి కాఫీ కప్పు ఎత్తుకుంటారు. ఎవరో ఒకరు ఆ నిశ్శబ్దం భరించలేక నోరు తెరుస్తారు, ఈరోజు ఆ ఎవరో నేనే. డిమాండ్ అన్నా. అందరి పంటా ఒకేసారి కోతకొస్తుంది, మనుషులు అంతే ఉంటారు, రేటు పెరుగుతుంది. "ఒక పది రోజులు ఆగి కోసుకోవచ్చుగా?" అంది. నా దగ్గర గ్రాఫ్ ఉందిగానీ దీనికి సమాధానం లేదు. నా ఎదురుగా కూర్చునే బయాలజీ అబ్బాయిది కాన్సాస్‌లో గోధుమ పొలాలుండే ఇల్లు, నెలరోజుల నుంచి క్లాసులో పదిసార్లు కూడా మాట్లాడి ఉండడు, వాడు అందుకున్నాడు. బాగా పండాక ఆగితే గింజ కంకిలోంచి రాలిపోతుంది, ఈలోపు వాన పడితే కంకిలోనే మొలకొస్తుంది, కోతల టైంలో మా ఇంట్లో ఎవరూ ఎవరితో మామూలుగా మాట్లాడుకోరు అన్నాడు. అందరం నవ్వాం. నవ్వాక ఎవరో అన్నారు, అంటే చట్టం రాసినవాళ్ళకీ పొలాలున్నాయి, ఆ మూడో పెన్నీ ఇవ్వకపోతే ఒక్కడూ రాడని వాళ్ళకీ తెలుసన్నమాట అని. భలే అనిపించింది నాకు, ఆ చట్టం మొత్తంలో మనుషులు కనిపించింది ఆ ఒక్క పెన్నీ దగ్గరే.

అక్కడితో గంట కొట్టేస్తే బాగుండేది. "ముప్పై ఒకటో పేజీలో జరిమానాలున్నాయి, అవి చూస్తే ఈ చట్టం పనిచేసినట్టా చేయనట్టా?" అని మళ్ళీ నన్నే అడిగింది. ఏదో ఒకటి అల్లొచ్చు. అల్లబోయి ఆగిపోయా, "ఆ పేజీ దాకా రాలేదండీ" అని చెప్పేశా. ఆవిడ "సరే" అని పక్కవాళ్ళని అడిగింది. తిట్టలా, ముఖం కూడా మారలా. ఆ "సరే" మాత్రం రోజంతా చెవిలోనే ఉంది.

పోనీ క్లాసయిపోయాక తప్పించుకోవచ్చా అంటే క్యాంపస్ మొత్తానికి డైనింగ్ హాల్ ఒక్కటే. మధ్యాహ్నం ట్రే పట్టుకుని లైన్లో నిలబడితే వెనక ఆవిడే, పక్కన ఆవిడ కూతురు, ఆరేళ్ళుంటాయేమో, ఈరోజు స్కూల్ లేదట. పొద్దుటి సంగతి ఎత్తుతుందేమోనని నేను భయపడుతుంటే ఆవిడేమో స్పూన్లు ఎక్కడ పెట్టారని అడిగింది.

మా టేబుల్ దగ్గర మళ్ళీ అదే చర్చ, చిన్న కాలేజీలు మూతపడటం గురించి. న్యూయార్క్‌లో వెల్స్ కాలేజీ 1868లో పెట్టింది, 2024 ఏప్రిల్‌లో చెప్పి ఆ సెమిస్టర్ అవగానే మూసేశారు, అప్పటి నుంచి మా దగ్గర పెయింట్ ఊడినా ఎవరో ఒకరు "ఇక మన వంతే" అంటారు. 2008 తర్వాత అమెరికాలో పుట్టే పిల్లలే తగ్గారు, వాళ్ళకిప్పుడు కాలేజీ వయసొచ్చింది, వచ్చేవాళ్ళు తక్కువ, సీట్లు ఎక్కువ. అందుకే వెబ్‌సైట్‌లో రాసే ఫీజు ఒకటి, నిజంగా కట్టే ఫీజు ఒకటి, స్కాలర్‌షిప్ పేరుతో సగం దాకా తగ్గించి ఇచ్చేవి చాలానే ఉన్నాయి. పొద్దున విన్న ప్లేగు కథే ఇది, కూలీల చోట స్టూడెంట్లు. పైకి అనలేదు, నలభై పేజీల్లో నాలుగు చదివి పోలికలు చెప్తే బాగోదని.

మూడింటికి అడ్వైజర్. ఆవిడ జియాలజీ ప్రొఫెసర్, నాకూ రాళ్ళకీ ఏ సంబంధమూ లేదు, మొదటి సంవత్సరం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి అంటగడతారు, అంతే. అసలు లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలేయడం నేర్పుతారా అని మా పెద్దమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంది. పాతకాలంలో ఏడంట, వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం, వాటిలో బొమ్మలు లేవు పెద్దమ్మా అంటే, మరి ఉద్యోగం ఏది అంటుంది. పెద్దమ్మ ప్రశ్నకే ఈరోజు వెళ్ళింది నిజానికి. శుక్రవారం లోపు మేజర్ ఫారం ఇవ్వాలి, అంటే డిగ్రీ ప్రధానంగా ఏ సబ్జెక్టులో అని రాసిచ్చేది. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా వాళ్ళకి డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోడ్ ఉన్న మేజర్ అయితే ఇంకో ఇరవై నాలుగు. మా ఎకనామిక్స్‌కి ఎకనోమెట్రిక్స్ కోడ్ ఉంది కాబట్టి అది స్టెమ్. హిస్టరీ కాదు. ముప్ఫై ఆరు ఒకవైపు, పన్నెండు ఒకవైపు, ఇందులో ఆలోచించడానికి ఏముంది, ఎకనామిక్స్ అని పెన్నుతో రాసేసుకుని వెళ్ళా.

ఫారంలో దాని కింద ఇంకో గీత ఉంటుంది, రెండో మేజర్ ఉంటే రాయమని. ఆవిడ కుర్చీ మీద రాళ్ళ డబ్బా తీసి నన్ను కూర్చోబెట్టి, ఎకనామిక్స్ చూసి తలూపి, వేలు ఆ ఖాళీ గీత మీద పెట్టి "ఇది?" అంది. ఇంకా తెలీదన్నా. హిస్టరీలో ఇంకా ఎన్ని కోర్సులు కావాలో కాగితం వెనక లెక్కేసింది, ఆరు, ఖాళీ ఉన్నవి ఏడు. "పడతాయి, కానీ ఊపిరాడదు" అంది. తర్వాత ఇంకేదో గుర్తొచ్చి కంప్యూటర్లో చూసి, ఈత పరీక్ష ఇంకా ఇవ్వలేదేం అని అడిగింది. మా దగ్గర ఈత రాకపోతే డిగ్రీ ఇవ్వరు, కొన్ని కాలేజీల్లో ఈ రూలు ఇంకా బతికే ఉంది. నాకు ఈత రాదు. ఎకనామిక్సా హిస్టరీనా అని రెండు నెలలు జుట్టు పీక్కుంటే నా డిగ్రీ స్విమ్మింగ్ పూల్లో ఇరుక్కుని ఉంది.

నాలుగున్నర నుంచి లైబ్రరీ డెస్క్‌లో డ్యూటీ. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి ఇరవై గంటలే చేయనిస్తారు మమ్మల్ని, నాకు వచ్చేవి ఎనిమిది. వేరే కాలేజీల నుంచి అరువొచ్చిన పుస్తకాలకి చీటీలు కట్టి షెల్ఫ్‌లో పెట్టడం, అంతే. అది అరగంటలో అయిపోయింది, ఇక చదవకుండా ఉండటానికి సాకు దొరకలా. ముప్పై ఒకటో పేజీ తీశా. జరిమానాల పట్టీ. పేరు, ఏం పని, ఎంత ఎక్కువ తీసుకున్నారు, ఎంత కట్టారు. ఆడవాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి, కోత కోసినవాళ్ళు. కింద ఒక నోట్ ఉంది, కొన్నేళ్ళ పాటు ఈ జరిమానా డబ్బుని ఆ ప్రాంతం కట్టాల్సిన పన్నులో తగ్గించేవాళ్ళట. అంటే పక్కింటామె ఒక పెన్నీ ఎక్కువ తీసుకుందని నేను చెప్తే నా పన్ను తగ్గుతుంది. ఆ లైను మూడుసార్లు చదివా.

ఎనిమిదవుతుంటే కాన్సాస్ అబ్బాయి డెస్క్ దగ్గరికొచ్చాడు, హెడ్‌ఫోన్స్ అరువు కావాలట. ఇచ్చి, పొద్దున భలే చెప్పావు అన్నా. అటూ ఇటూ చూసి, "నేను అసలు తెరవనే లేదు, అదంతా మా నాన్న చెప్పేదే" అన్నాడు. తర్వాత కౌంటర్ మీద మోచేతులు పెట్టి, "ఇంతకీ ముప్పై ఒకటో పేజీలో ఏముంది?" అని అడిగాడు. చెప్పా. పక్కింటామె సంగతి చెప్తుంటే హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడు, వెనక ప్రింటర్ పేపర్ కోసం ఒకమ్మాయి ఎదురుచూస్తోంది, ఆమె కూడా వింది.

రూముకొచ్చి ప్రాబ్లం సెట్ అప్‌లోడ్ చేసే ముందు ఆరో ప్రశ్న ఒకసారి చూశా. "కొరత వస్తుంది" దగ్గర ఫుల్ స్టాప్ ఉంది. దాని పక్కన, "పైపరిమితి పెట్టినవాళ్ళే దాన్ని దాటతారు, ఊళ్ళోవాళ్ళు ఒకరి పేరు ఒకరు చెప్తారు" అని రాశా. దిద్దేది ఒక మూడో సంవత్సరం స్టూడెంట్, అదీ ఆన్సర్ కీ చూసి, దీనికి మార్కులేమీ రావు. చెరిపేశా. మళ్ళీ రాసి పంపించా.