నోటిమాట కంపెనీలో నాలుగేళ్లు

చౌటుప్పల్ దగ్గర హైవే పక్కనున్న ఒక మందుల కంపెనీలో 2018 నుంచి 2022 దాకా క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) కెమిస్ట్‌గా చేశాను. నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయిన వెంటనే వచ్చిన ఉద్యోగం, బాపు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. రసీదు అడగాలని నాకు తోచనే లేదు.

అక్కడ అన్నీ నోటిమాటలే. షిఫ్ట్ అయిపోయి బ్యాగు తగిలించుకుంటుంటే "ఈ పూట ఉండిపో తమ్మీ, మనిషి లేడు" అనేవారు మేనేజర్. ఓటీ, అంటే ఓవర్‌టైమ్, ఎక్కడా రాసేవారు కాదు. తిట్లు మాత్రం అందరి ముందే.

ఒక రాత్రి హెచ్‌పీఎల్‌సీలో, అంటే మందులో ఏది ఎంత ఉందో కొలిచే మిషన్‌లో, ఒక బ్యాచ్‌కు ఇంప్యూరిటీ (కల్మషం) పరిమితి దాటింది. దాని పీక్ (గ్రాఫ్‌లో శిఖరంలా లేచే గీత) స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఫెయిలైతే ముందు కారణం వెతకాలి, రాయాలి. మేనేజర్ ఫోన్లో "మళ్ళ ఇంజెక్ట్ చెయ్యి, నేను చూస్కుంట" అన్నారు, అంటే శాంపిల్‌ను మిషన్‌లోకి మళ్లీ ఎక్కించమని. ఆ మిషన్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఇంజెక్షన్‌నూ టైముతో, లాగిన్ పేరుతో రాసిపెట్టుకుంటుంది. ఆ పేరు నాది. "సార్, ఇదే మాట మెయిల్ పెట్టండి" అన్నాను. ఫోన్ కట్. మెయిల్ రాలేదు, నేను ఫెయిల్ అనే రాశాను. తర్వాత నెలంతా నైట్ డ్యూటీలే.

రాజీనామా కాగితం ఇస్తే హెచ్‌ఆర్ సొరుగులో పడేసి "ఆడిట్ అయినంక చూద్దాం" అన్నారు. అప్పటికి నాకూ తెలివొచ్చింది. ఆ రాత్రే చివరి పనిదినం తేదీ, సర్టిఫికెట్ల పేర్లు వరసగా రాసి మెయిల్ పెట్టాను. కాపీ నా సొంత మెయిల్‌కు కూడా, ఎందుకంటే కంపెనీ మెయిల్ వాళ్లు ఎప్పుడైనా మూసేస్తారు.

నోటీసు పీరియడ్ అయ్యాక "రేపు రా" అని మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి పోలేదు. అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టు చేసి, అడుగున 'కాపీ: లేబర్ ఆఫీసు' అని రాశాను. సంతకమైన కార్డు తిరిగొచ్చిన వారంలోనే ఫోన్ వచ్చింది. సర్టిఫికెట్లన్నీ ఇచ్చారు. పదో తరగతి మెమో మీద మాత్రం గుండ్రంగా టీ గ్లాసు మరక.

పీఎఫ్‌లో నా ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానిన రోజు) కంపెనీ వేయలేదు. చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కి మనమే వేసుకోవచ్చు, ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఇంత చిన్న పనికి నేను ఎంత టెన్షన్ పడ్డానో!

ఓటీ డబ్బులు రాలేదు. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. కానీ నేను ఎన్ని గంటలు ఎక్కువ చేశానో చూపించడానికి నా దగ్గర ఒక్క కాయితం కూడా లేదు.